వేగు

నాలుగో రీలులో ఒక వణుకు ఉంది.
దాన్ని తీసెయ్యడం నా పని.

బ్రాడ్‌ఫర్డ్‌లో, ఒకప్పటి ఉన్ని మిల్లు మూడో అంతస్తులో
కిటికీలకు నల్లగుడ్డ బిగించుకుని కూర్చుంటాను.
బయట వాన పడుతోందని
లోపలికొచ్చేవాళ్ల గొడుగులు చెబితేనే తెలుస్తుంది.
సెకనుకి ఇరవై నాలుగు బొమ్మలు.
ఒక్కోదాని మీదా గీతలు, బూజు, ఎవరిదో వేలిముద్ర.
చేటలో బియ్యం పోసుకుని బెడ్డలేరినట్టు
ఎనభై ఏళ్లు దాటిన నలుపులోంచి
తెల్ల చుక్కలేరుతుంటాను.

సినిమా గూఢచారులది.
యుద్ధం నడుస్తుండగానే తీశారు,
లండన్ శివారులో, రేకుల షెడ్డులో.
కథ పెద్దగా లేదు.
ఓడలు బయల్దేరే వేళలు అమ్ముకునే ఒకడు,
వాడి మీద నిఘాకి వచ్చి వాడి దగ్గరే ఆగిపోయిన ఒకతి,
చివర్న స్టేషను, ఆవిరి, ఒకే ఒక్క తుపాకి చప్పుడు.
సగం సెట్టుకి చెక్క దొరక్క
నీడల్నే గోడలుగా నిలబెట్టారు.
ఆ గోడలకీ చెవులున్నట్టే ఉంటాయి.

ఆమె ఐరీన్ థ్వైట్.
టోపీ అంచు కింద ఒక కన్నే కనిపిస్తుంది.
అబద్ధాలన్నీ రెండోదానికి అప్పజెప్పింది కాబోలు.
ఏడు వారాలుగా ఆ ముఖంలోనే కాపురం.
ఎడమ చెంప మీద నువ్వుగింజంత చుక్క ఉంటే
దుమ్మనుకుని ఒక రోజంతా చెరిపాను.
పుట్టుమచ్చ.
మర్నాడంతా కూర్చుని
ఫ్రేము ఫ్రేముకీ తిరిగి పెట్టాను.

పక్క సీటు డంకన్ అడిగాడు,
మీ భాషలో గూఢచారిని ఏమంటారని.
వేగు, అన్నాను.
తెల్లారే ముందు చుక్కలో కూడా ఆ మాటే ఉందన్నాను.
మూకుట్లో గింజ చేసే పనీ అదే,
మంచి కాని మొగుడితో ఆడది చేసే పనీ అదే.
"ఒక్క మాటకి ఇన్ని మారువేషాలా" అని
బిస్కెట్టు విరిచి సగం ఇచ్చాడు.

ఇక ఆ వణుకు.
హోటలు గది. అతను అడుగుతాడు:
"నిజం చెప్పు. నువ్వెవరి మనిషివి?"
ఆమె మాట్లాడక కప్పులో టీ వంపుతుంది.
అప్పుడు, పదకొండు ఫ్రేములు, అర సెకనైనా కాదు,
గది గదంతా పక్కకి జరిగి వెనక్కొస్తుంది.
సాసరు మీద కప్పు పళ్లు కొరుకుతుంది.
పైనుంచి సున్నం రాలుతుంది ఆమె భుజం మీద.
టీ ధార తెగదు.
"నీ మనిషినే" అంటుంది.

కంపెనీ నుంచి ఉత్తరం:
కెమెరా కుదుపు, సరిచేయగలరు.
మీట నొక్కితే నాలుగు నిమిషాల పని.

రీళ్లతోపాటు ఒక అట్టపెట్టె కూడా వచ్చింది.
షాట్లు నమోదు చేసే అమ్మాయి, ఎడిత్ గార్బట్,
అరిగిన పెన్సిలుతో రాసుకున్న కాగితాలు.
"షాట్ 112. మూడో టేకు. రెండు వీధుల అవతల పడింది.
ఎవరూ కట్ అనలేదు. ఇదే ఉంచాలి."
దాని కింద, ఇంకా చిన్న అక్షరాల్లో:
"సాయంత్రం దాకా ఐరీన్‌కి చెప్పలేదు."
ఏం చెప్పలేదో లేదు.
వెతికాను. కాగితం తిప్పి చూశాను.
వెనక ఎవరివో బస్సు చార్జీల లెక్కలు.

అంటే ఆ పూట షెడ్డులో
లైట్లు పట్టినవాళ్లూ, జుట్టు దువ్వినామే,
టీ కాచిన కుర్రాడూ
అందరూ వేగులే.
ఆమె ఒక్కతే నటిస్తోంది.

కుదుపు అసలుదే, ముట్టుకోను, అని రాసి పంపాను.
కానీ యంత్రానికి రాలే సున్నం కూడా దుమ్మే.
వదిలేస్తే తుడిచిపెడుతుంది.
అందుకని నాలుగు రాత్రులు చేత్తోనే చేశాను,
ఇది పైకప్పుది, ఇది డబ్బాలో పట్టిన బూజు,
ఇది పైకప్పుది.
రెండొందల ఆరు చుక్కలు.
ఒకటి మాత్రం, కంటి కింద,
ఎటూ తేలలేదు.

ఉంచేశాను.